ఇద్దరి లాగిన్

మాదిరి పరీక్షలో నూట నలభయ్యో ప్రశ్న దగ్గర యాప్ రజనిని బయటికి నెట్టేసింది. 'మీ ఖాతాను వేరే ఫోన్‌లో తెరిచారు' అని వచ్చింది. ఈ వారంలో ఇది మూడోసారి.

విదేశంలో వైద్యం చదివి నర్మెట్టకు తిరిగొచ్చిన రజని, ఇక్కడ డాక్టరు కావాలంటే లైసెన్సు పరీక్ష గట్టెక్కాలి. రెండుసార్లు తప్పింది. మూడోసారి పరీక్షకు ఇక పద్దెనిమిది రోజులే ఉన్నాయి.

ఆ వేరే ఫోన్ మొగుళ్లపల్లిలో ఉన్న హరితది. ఇద్దరూ కలిసి చదివారు, ఇద్దరికీ ఒకే ఖాతాతో కలిసే ఆ యాప్ తీసుకున్నారు. హరిత పోయినసారే పాసైంది. "కొత్త వీడియోలు బంద్ చెయ్యవే, నీ తప్పులే మళ్లమళ్ల చూడు" అని ఆమె చెప్పబోతే రజని ఫోన్ పెట్టేసింది. అప్పటినుంచి మాటల్లేవు.

ఇప్పుడు రజనే ఫోన్ చేసింది.

"పాసైనవు గదా! ఇంక నా యాప్‌ల నీకేం పని?"

"జర ఆగు రజనీ, ఐదు నిమిషాలు..."

"ఒక్క నిమిషం గూడ ఇయ్య."

ఫోన్ పెట్టేసి పాస్‌వర్డ్ మార్చేసింది. యాప్ మళ్లీ తెరిస్తే, అప్పటిదాకా హరిత చూస్తున్న పేజీయే వచ్చింది. అది రజని తప్పు చేసిన ప్రశ్నల జాబితా. తను ఎన్నడూ తెరవనిది.

ప్రతి ప్రశ్న కింద హరిత రాసిన నోట్సు ఉంది. "గిది తొందరల తప్పినవ్. జ్వరం ఎన్ని రోజులసంది ఉందో ముందు చూడు." అట్లా రెండు వందల పైచిలుకు. ఆఖరిది మాత్రం సగంలో తెగిపోయింది.

రజని మళ్లీ ఫోన్ చేసింది. అటువైపు హరిత ఎత్తింది.

"ఆఖరిది సగమే రాసినవ్ గదనే," అంది రజని. "చెప్పు. ఇంటున్న."