వెళ్లి రండి

రెంటచింతలలో ఎండాకాలం ఎనిమిది నెలలకు సాగింది. ఏ నెలలో ఏ ఊరు చల్లగా ఉంటుందో ఇంటింటా గోడమీద ఉండే మాట్లాడే పెట్టె చెప్పేది, జనం మూటాముల్లే సర్దుకుని అక్కడికి పోయేవాళ్లు. ఏటాలాగే మంగతాయారు ఆవకాయ జాడీకి వాసెన కడుతూ పెట్టెను అడిగింది.

"ఇప్పుడు అరకు బాగుంటుంది. వెళ్లండి."

ఆమె చెయ్యి ఆగిపోయింది. పదకొండేళ్లుగా అది "వెళ్లి రండి" అనే అనేది.

"అదేం మాటే, అపశకునం! మళ్లీ మా ఊరికి రావడానికి ఏ నెల మంచిది?"

పెట్టె చాలాసేపు వెతికింది. "ఏ నెలా లేదు."

"బస్సొచ్చింది, రావే," అంటూ మొగుడు తాళం వేశాడు.

మంగతాయారు గడపను తాకి, "వెళ్లొస్తాం తల్లీ," అంది ఇంటితో.

మూసిన తలుపు వెనకనుంచి పెట్టె మెల్లగా దిద్దింది: "వెళ్తాం, అనండి."