ఆరోగ్యమ్మను పిలిపించండి

"ఆరోగ్యమ్మను పిలిపించండి," అన్నారు డాక్టరుగారు గదిలోంచి బయటికి వస్తూ.

రామతులసి చేతిలోని చెంబు జారిపోయింది. యానాంలో ఆ మాటకు అర్థం ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. ఇక మందులతో పని లేదని, మనిషికి మనిషి తోడుండడమే మిగిలిందని అర్థం. ఆరోగ్యమ్మ చర్చి వెనక పూరింట్లో ఒంటరిగా ఉండే పెద్దావిడ. కులం, మతం చూడకుండా పిలిచిన ఇంటికల్లా వెళ్ళి, పోయేవాళ్ళ పక్కన కూర్చునేది. ఒళ్ళు తుడిచేది, పక్క మార్చేది, గంజి పట్టేది. ఇంటివాళ్ళు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లితే వాళ్ళకూ ఒక ముద్ద తినిపించేది. పైసా పుచ్చుకునేది కాదు.

"ఎన్నాళ్ళండి?" అడిగింది రామతులసి.

"గోదాట్లోకి వరద ఎర్రనీళ్ళు వచ్చేదాకా ఉంటే గొప్పేనమ్మా," అన్నారాయన, ఆమె మొహం చూడకుండా.

రామతులసికి నమ్మబుద్ధి కాలేదు. మామగారు వీరభద్రరావు ఫ్రెంచివాళ్ళ కచేరీలో గుమాస్తాగిరీ చేసి, జెండా మారాక ఇంటిపట్టున ఉంటున్నాడు. జలుబంటే ఎరగని మనిషి. మొన్న మొన్నటిదాకా మెట్టకూరు నడిచి వెళ్ళి వంకాయలు తెచ్చేవాడు. అలాంటివాడు కడుపులో నొప్పంటూ మంచమెక్కి, ఇక దిగనని కూర్చున్నాడు.

ఆరోగ్యమ్మ సాయంత్రానికల్లా గుడ్డసంచితో వచ్చింది. ఆ ఇల్లు ఆవిడకు కొత్త కాదు. అత్తగారు సత్యవతమ్మ ఆఖరి రోజులన్నీ ఆవిడ చేతుల మీదే వెళ్ళిపోయాయి. అప్పుడే వీరభద్రరావు బతిమాలాడు, ఇక్కడే ఉండిపొమ్మని. "రోగి లేని ఇంట్లో నాకేం పని బాబుగారూ? ఊరికే కూచుని తింటే అరగదండి నాకు," అని మజ్జిగైనా తాగకుండా వెళ్ళిపోయింది. ఊరందరికీ చేసి, ఎవరిచేతా చేయించుకోని మొండిఘటం.

ఆవిడ వీరభద్రరావు కళ్ళు చూసింది, గోళ్ళు చూసింది, పొట్ట మీద చెయ్యి వేసి చాలాసేపు ఉంచింది. తర్వాత రామతులసి వైపు తిరిగి, "ఉంటానండి," అంది.

ఆ రోజు నుంచి మొదలైంది ముసలాయన పేచీ.

"ఈ మందు చేదు. ముందు నువ్వు తాగు, చూస్తాను."

"ఆయ్, అలాగేనండి," అని ఆవిడ తాగేది.

"గంజి నేనొక్కణ్ణే తాగనంతే. నువ్వూ గిన్నె పెట్టుకుని కూచో."

"నువ్వు చాప మీద పడుకుంటే నాకు కునుకు పట్టదు. అమ్మాయ్ తులసీ, ఆ పందిరి మంచం ఇటు వేయించు."

అది సత్యవతమ్మ మంచం. ఆమె పోయాక దాని మీద ఎవరినీ కూర్చోనివ్వని మనిషి! రామతులసి నోరు నొక్కుకుని వేయించింది. రోగం మనిషిని ఎంతకైనా మారుస్తుందనుకుంది.

డాక్టరుగారు వచ్చినప్పుడల్లా మామగారి నాడి చూసి, "నీ చెయ్యి కూడా ఇటివ్వు ఆరోగ్యమ్మా. రోగి దగ్గర కూచునేవాళ్ళకి నీరసం వస్తుంది," అని బలానికి సూది వేసేవారు. వేసినా ఆవిడ చిక్కిపోతూనే ఉంది. జాకెట్టు చేతులు వదులయ్యాయి. పక్క దులపడానికి వంగితే లేవలేక మంచంకోడు పట్టుకునేది. అయినా ఆవిడ నోట విసుగన్న మాట వినపడలేదు. ఇలాంటి మనుషులుండబట్టే ఊళ్ళో చావుకు కూడా భయం తగ్గుతుందని రామతులసికి దణ్ణం పెట్టాలనిపించేది.

ఒకరోజు ఇక ఉండబట్టలేకపోయింది.

"మావయ్యగారూ, ఆవిడా మనిషే కదండీ! సగమైపోయింది. కాస్త ఇంటికెళ్ళి నడుం వాల్చనివ్వండి."

"వీల్లేదు. ఆవిడ గడప దాటిందంటే నేను పచ్చి మంచినీళ్ళు ముట్టను."

ఇంత స్వార్థమా అని రామతులసికి ఒళ్ళు మండింది. వంటింట్లోకి వెళ్ళి కళ్ళొత్తుకుంటుంటే వెనకాలే ఆరోగ్యమ్మ గోడ పట్టుకుని నడిచొచ్చింది.

"ఆయన మీద కోపం పెట్టుకోకండమ్మా."

"నీ ప్రాణం తోడేస్తున్నాడు కదా!"

ఆరోగ్యమ్మ నవ్వింది. "ఎంతోమందిని చూశానండి. నా కంటికి ఏ రోగమూ దాగదు. ఇంత మంచి రోగిని మాత్రం నేనెక్కడా చూళ్ళేదు." గిన్నె అందుకుని, "ఇవాళ మీ చేతి గంజి ఇంకో గరిటె పొయ్యండమ్మా," అంది. నోరు తెరిచి అడగడం ఆవిడ జన్మలో అదే మొదలు. రామతులసి గబగబా పోసిచ్చింది.

గోదావరి ఎర్రబడింది. ఆ వారంలోనే ఒక తెల్లవారుజామున రామతులసి కాఫీ తీసుకుని గదిలోకి వెళ్ళింది. పందిరి మంచం మీద ఆరోగ్యమ్మ హాయిగా పడుకుని ఉంది. పక్క మంచం మీంచి మామగారి చెయ్యి ఆవిడ చేతిని పట్టుకుని ఉంది. పిలిస్తే ఆవిడ పలకలేదు.

చర్చి గంట మోగింది. వాకిలి నిండిపోయింది. దరియాలతిప్ప నుంచి కూడా జనం వచ్చారు. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఆవిడ చేతుల్లో కన్నుమూసినవారే మరి.

"రోగికి చేసీ చేసీ తనే పోయిందమ్మా," అంటూ రామతులసి గుండెలు బాదుకుంది. "ఇక మా మావయ్యగారిని ఎవరు చూస్తారు?"

శవపెట్టె సిద్ధమైంది. నా అన్నవాళ్ళు లేని మనిషికి ముందు భుజం ఎవరు పట్టాలని మాట వచ్చింది. డాక్టరుగారు లోపలి గది వైపు చూసి మెల్లగా తల ఊపారు.

వీరభద్రరావు దుప్పటి తీసేసి, చకచకా నడిచి వచ్చి, ముందు భుజం పట్టాడు.