బుల్లయ్య గారి రంగు

శ్రీదివ్య రెండోసారి వేసిన బొమ్మ కూడా తిరుగుటపాలో వెనక్కి వచ్చింది.

"మా నాన్న రంగు ఇది కాదమ్మా," అన్నాడు వీరబాబు. "మొదట సినిమా హీరోలా వేశావు. ఇప్పుడేమో బొగ్గులా చేశావు. బుధవారం సంవత్సరీకం. ఈసారీ కుదరకపోతే చెప్పెయ్, ఫ్లెక్సీ కొట్టించుకుంటాం."

చిలకలూరిపేటలో బొమ్మలు వేసి బతుకుదామని స్టూడియో తెరిచిన మనిషికి ఇంతకంటే పెద్ద తిట్టు లేదు. మిర్చి వ్యాపారి బుల్లయ్య గారి నిలువెత్తు బొమ్మ ఆ ఇంటి హాల్లో నిలబడితే, ఇకమీదట పోయే పెద్దమనుషులందరూ తన దగ్గరికే వస్తారని శ్రీదివ్య ఆశ. తీరా వాళ్లిచ్చింది ఆధార్ కార్డు ఫోటో. అందులో ఎవరు మాత్రం మనిషి రంగులో ఉంటారు!

"రంగు చెప్పేవాళ్లెవరినైనా పంపండి," అంది.

"రేపు అమ్మని పంపిస్తాలే. ఆవిడ కంటే ఎవరికి తెలుస్తుంది?"

మర్నాడు పొద్దున్నే ఆటో దిగి ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. యాభై దాటిన మనిషి. బోసి నుదురు. "బుల్లయ్య గారి బొమ్మ వేసేది ఇక్కడేనా?" అంది.

శ్రీదివ్యకు ప్రాణం లేచొచ్చింది. గబగబా కుర్చీ వేసింది.

ఆవిడ అంత తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు. పసుపు చాల్లేదంది. ఎరుపు తగ్గించమంది. శ్రీదివ్య కలిపేది, అట్టముక్క మీద పూసేది. అక్రిలిక్ రంగు ఆరితే కాస్త ముదురుతుంది కాబట్టి, ఆరేదాకా ఇద్దరూ ఫ్యాను కింద కూర్చునేవారు. ఆరాక ఆవిడ తల అడ్డంగా ఊపేది.

చివరికి ఒక ముక్క చేతిలోకి తీసుకుంది. "యార్డులో ఎండన పడి వచ్చినప్పుడు ఇదమ్మా ఆయన రంగు. కాళ్లూ చేతులూ కడుక్కుని, ఇంత తిని, ఓ కునుకు తీసి లేస్తే దీనికంటే తేట. మెడ కింద ఇంకా పచ్చన."

"ఏది వెయ్యమంటారు?"

"కునుకు తీసి లేచిందే వెయ్యి." ఆవిడ కళ్లు తుడుచుకుంది.

ఇలాంటి మనిషి ఉండగా ఆధార్ కార్డు పట్టుకుని వేలాడానే అని శ్రీదివ్య తనని తానే తిట్టుకుంది.

సాయంత్రానికి రంగు కుదిరింది. బొమ్మకి కావలసింది పక్కన పెట్టి, మిగతాది సీసాలో పోసి, నాలుగు నీటిచుక్కలు చిలకరించి, ప్లాస్టిక్ కాగితం పరిచి మూత బిగించింది. మూత మీద అదే రంగు బొట్టు పెట్టింది. రేపు బొమ్మ మీద గీత పడితే మళ్లీ ఈ రంగు కలపడం బ్రహ్మతరం కూడా కాదు.

"నాక్కొంచెం పోసిస్తావా అమ్మా?" ఆవిడ సంచిలోంచి ఖాళీ కుంకుమ భరిణె తీసింది.

నిలువెత్తు బొమ్మే ఇంటికొస్తుంటే ఈ కాస్త ఎందుకో శ్రీదివ్యకు అర్థం కాలేదు. అయినా ముచ్చటేసింది. నిండా పోసి, "మూత గట్టిగా పెట్టండి, లేకపోతే ఎండిపోద్దండి," అని మరీ మరీ చెప్పింది.

బుధవారం గుడ్డ తీయగానే వీరబాబు బావురుమన్నాడు. "అచ్చం మా నాన్నే! కాకపోతే ఇంత నిమ్మళంగా ఆయన్ని ఇంట్లో ఎప్పుడూ చూళ్లేదు." చుట్టాలు శ్రీదివ్య ఫోన్ నంబరు అడగడం మొదలుపెట్టారు.

"ఇదంతా మీ అమ్మగారి చలవేనండి," అంది శ్రీదివ్య, అందరికీ వినబడేలా.

మోకాళ్ల నొప్పులతో ఆ రోజు స్టూడియోకి రాలేకపోయినందుకు నొచ్చుకుంటూ, కోడలి భుజం పట్టుకుని మెల్లగా నడిచొచ్చిన బుల్లయ్య గారి భార్యను శ్రీదివ్య చూడటం అదే మొదటిసారి.