పేలు లేని కోతి

జంతుశాలలో కోతికి అడక్కుండానే అరటిపళ్లు పెడతారట అని విని, అడవిలోని ఎర్రమూతి కోతి కుళ్లుకుంటూ చూడ్డానికొచ్చింది. తీరా చూస్తే బోనులో కోతి చేతుల మీద ఒక్క వెంట్రుక లేదు. ఎర్రమూతి ఊచల దగ్గరికి జరిగింది.

“ఎవరు పీకారే చెల్లీ?”

“నేనే. పేలు చూసుకుంటున్నా.”

“ఉన్నాయా?”

“ఎప్పుడూ లేవు. మందునీళ్లతో కడుగుతారుగా. చేతులు ఊరుకోవు మరి. కళ్లు తెరిచినప్పట్నుంచీ ఇక్కడ ఒక్కదాన్నే.”

అడవిలో ఒక కోతికి ఇంకో కోతి పేలు చూడటమంటే పలకరింపూ అదే, ఓదార్పూ అదే. ఎర్రమూతి పళ్ల సంగతే మరిచిపోయి, వెనక్కి తిరిగి ఊచలకు వీపు ఆనించి కూర్చుంది.

ఎంతసేపటికీ వీపు మీద చెయ్యి పడలేదు. చివరికి వెనకనుంచి సన్నగా గొంతు వినిపించింది.

“అక్కా, ఈ వీపుని నేనేం చెయ్యాలి?”