రెండు నిమిషాల బహుమతి

"మేడమ్, నాకు చదవడం వచ్చు." యాంకరమ్మ ఎడిటింగ్ రూములోకి దూసుకొచ్చి కీబోర్డు మీద ఒక కార్డు పడేసింది. "నేను చదివింది తప్పో కాదో మీరే చూసి చెప్పండి."

ఎడిటరమ్మ కార్డు ముట్టుకోలేదు. నిన్న సాయంత్రం అంతమంది జనంలో ఉత్తమ ఎడిటర్ అని తన పేరు పిలిచింది ఈవిడే. చేతిలో అవార్డు బొమ్మ పెట్టారు, రెండు నిమిషాలు మాట్లాడనిచ్చారు, ఆ తర్వాత 'పొరపాటైంది, బహుమతి మీది కాదు, మీవారిది' అని లాక్కున్నారు. ఇంకా ఏం మొహం పెట్టుకుని వచ్చినట్టు?

"ఇంకా ఏం మిగిలిందమ్మా? పొద్దున్నుంచి నన్ను ఉతికి ఆరేస్తున్నారు, చాల్లేదా?"

మూలనున్న టీవీలో ఆ ఉతుకుడే నడుస్తోంది. ప్రజాభిప్రాయమట. మైకు కనబడితే మనవాళ్లకి అభిప్రాయాల కరువా? బస్టాపులో ఒకాయన, "చదవడం రానివాళ్లని స్టేజీ ఎక్కిస్తే ఇంతేనండీ," అన్నాడు. ఒక కాలేజీ పిల్ల, "పిలవగానే పరిగెత్తడమేనా? ఆవిడైనా ఓసారి అడగొద్దా?" అంది. కూరల సంచీతో వెళ్తున్న ఆవిడైతే ఆగి మరీ తీర్పు చెప్పింది. "మొగుడు గెలిస్తే పెళ్లాం గెలిచినట్టే కదండీ, దీనికింత రాద్ధాంతం ఎందుకు?"

ఎడిటరమ్మ టీవీ కట్టేసి కార్డు తీసింది. తన పేరు. తన సినిమా పేరు. కింద ముగ్గురు జడ్జీల సంతకాలు. మూడుసార్లు చదివింది.

"అంటే, పొరపాటు జరగనే లేదా?"

"లేదు మేడమ్. అవార్డు కమిటీ కార్యదర్శిగారు పరిగెత్తుకొచ్చి పొరపాటన్నారు. కార్డు చూపించబోతే గుడ్లురిమి లోపల పెట్టమన్నారు. కంగారులో హ్యాండ్‌బ్యాగులో కుక్కేశాను. పొద్దున ఫోన్ చేసి, ఇంకెప్పుడూ మా కార్యక్రమాలకి రావద్దన్నారు. ఊరందరి నోళ్లలో నేను చదువురాని మొద్దునయ్యాను."

ఎడిటరమ్మ కార్డు తన సంచీలో వేసుకుంది. పదకొండేళ్లుగా ఆమె మొగుడి పక్క కుర్చీలో కూర్చుని పనిచేసింది. ఒంటిచేత్తో చేసింది ఈ ఒక్క సినిమాయే. ఇప్పటికీ గుమ్మంలోకి వచ్చిన ప్రతి డైరెక్టరూ ఆమెని చూసి "సార్ లేరామ్మా?" అనే అడుగుతాడు. ఆ బొమ్మ ఈ బల్ల మీద ఉంటే ఆ ప్రశ్న ఆగిపోతుందనుకుంది. ఎంత ఆశపడిందో ఆమెకే తెలుసు.

ఫోన్ మోగింది. మొగుడు.

"టీవీ చూస్తున్నావా? చూడకోయ్. జనం నోళ్లకి మూతలు వేయలేం కదా. నా బొమ్మ నీ బొమ్మ కాదా ఏమిటి? పిచ్చిదానా, ఏడవకు. భోజనానికి వచ్చేస్తున్నాను."

కార్డు సంగతి నోటిదాకా వచ్చినా ఆమె మింగేసింది. ఆయనకిది మొట్టమొదటి అవార్డు. రాత్రి దాన్ని తలగడ పక్కన పెట్టుకుని పడుకున్నాడు. అది ఎవరో అడ్డదారిలో తెచ్చిచ్చిందని తెలిస్తే మనిషి కుంగిపోతాడు.

"మా ఆయన పేరున్న మనిషి కదా, ఆయనకిస్తే సభకి కళ వస్తుందని కార్యదర్శి మార్చుంటాడు," అంది చెప్పులేసుకుంటూ. "పద, ఆ కార్యదర్శి దగ్గరే తేల్చుకుందాం. ఈయన చెవిన మాత్రం పడకూడదు."

కార్యదర్శి తన ఆఫీసులో కూర్చుని, మిగిలిపోయిన ఆహ్వాన పత్రాలు కట్టలు కడుతున్నాడు. కార్డు చూడగానే చేతిలో పురికొస వదిలేశాడు.

"అయిందేదో అయిపోయింది, వదిలేయండమ్మా. మీ పరువు కోసమే పొరపాటని చెప్పాం."

"నా పరువా? నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసి, ఈ పిల్ల నోటికాడ కూడు తీసేసి, మీరు కాపాడింది నా పరువా?"

"నిజం చెప్పుంటే మిమ్మల్ని దొంగ అనేవాళ్లమ్మా." ఆయన గొంతు తగ్గించాడు. "మా రూలు మీకు తెలుసు. సినిమాలో పేరు వేసుకున్నవాళ్లు కాక వేరేవాళ్లు పని చేశారని ఎవరైనా సంతకం పెట్టి రాసిస్తే, బహుమతి రెండో స్థానానికి వెళ్లిపోతుంది. ఆ రెండో స్థానంలో ఉన్నది మీవారి వేరే సినిమా. ఆయనకి ఇవ్వక తప్పలేదు."

ఎనిమిది నెలలు కళ్లు పోయేలా కూర్చుని చేసిన పని. అది తనది కాదని రాసిన చెయ్యి ఎవరిది?

"ఎవడండీ వాడు?" ఆమె బల్ల మీద చెయ్యి చరిచింది. "నా పని నాది కాదన్నవాణ్ణి చూపించండి. ఇప్పుడే మా ఆయన్ని పిలుస్తాను. మా ఇద్దరి ముందు నిలబడి ఆ మాట అనమనండి. ఆయన ఊరుకోడు."

కార్యదర్శి యాంకరమ్మ వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. ఇక లాభం లేదనుకుని సొరుగు లాగి నాలుగు మడతల చీటీ ఒకటి బల్ల మీద పెట్టాడు.

"మీరు మైకు ముందు థాంక్స్ చెప్తుండగా పంపారమ్మా. ఇంకో నిమిషం ముందొచ్చినా మిమ్మల్ని స్టేజీ ఎక్కించేవాళ్లం కాదు."

ఆమె ఒక్కో మడతా విప్పి చదివింది.

'ఆ సినిమా ఎడిట్ చేసింది నేను, నా భార్య కాదు. దయచేసి ఈ సంగతి ఆమెకి తెలియనివ్వకండి, చాలా సున్నితమైన మనిషి.'