నడి ఏటిలో మోటారు

మోటారు మళ్ళీ నీరసించింది.

తాడు లాగగానే అందుకుంది. నిదానంగా పోతున్నంతసేపూ చక్కగా పలికింది. యాక్సిలరేటర్ తిప్పగానే ఒక్క ఊపు ఊపి, ఆయాసపడి, నత్తనడకకు దిగింది. కృష్ణానది నడిమధ్యన పడవ ఉన్నచోటే ఉన్నట్టుంది.

“తిప్పరా అంటే వినపడదా?” పడవ ముందు వైపు నుంచి కరుణాకర్ అరిచాడు.

వెనక మోటారు దగ్గర సుభానీ మళ్ళీ తిప్పి చూశాడు. చేపలు పట్టుకుని బతికే అతనికి ఈ సవారీ మొదటినుంచీ ఇష్టం లేదు. అమరావతి రేవులో వల విదిలించుకుంటుంటే ఈ తల్లీకొడుకులు వచ్చి మీద పడ్డారు. కరుణాకర్ మిర్చి కోల్డ్ స్టోరేజీలో హమాలీల మేస్త్రి. అతని భార్య స్తుతి చంటిపిల్లను చంకనేసుకుని, జనం దాటే పడవలో అప్పటికే అవతలికి వెళ్ళిపోయింది. ఆమె దవడ వాచి ఉండటం రేవులో అందరూ చూశారు. ఎవరూ ఏమిటని అడగలేదు.

కుదరదన్న సుభానీని కరుణాకర్ చొక్కా పట్టుకుని పడవలోకి నెట్టాడు. వెనకే తల్లి వీరమ్మ చీర ఎగదోపుకుని ఎక్కింది. ముసలిదానివి నీకెందుకని కొడుకు కసిరినా దిగలేదు.

“నా కోడల్ని నేనే జుట్టు పట్టుకుని ఈడ్చుకొస్తా,” అంటూ నడిమి చెక్క మీద, పెట్రోలు ట్యాంకు పక్కనే చతికిలబడింది.

అవతల కట్ట మీద బస్సు ఆగి ఉంది. స్తుతి ఇంకా ఇసుకలోనే ఉంది. పిల్లను మోస్తూ నడక సాగడం లేదు.

“అది బస్సెక్కిందంటే వాళ్ళన్న దగ్గరికి చేరుద్ది. ఇక దొరకదు,” అన్నాడు కరుణాకర్. “ఇవాళ దాని కాళ్ళు విరగ్గొడతా.”

కాళ్ళు విరగ్గొట్టినా దానికి బుద్ధి రాదని వీరమ్మ ఎగదోసింది. మొగుడు రెండు దెబ్బలేస్తే పడి ఉండలేనిది ఆడదేనా అని ఏరంతా వినపడేలా తిట్టింది. ఆ కొడుక్కి తగ్గ తల్లే అనుకున్నాడు సుభానీ.

అతను మోటారు ఆపి పైకెత్తాడు. నీళ్ళలోని గుర్రపుడెక్క మొక్కలు చుట్టుకున్నాయేమోనని చూస్తే ఫ్యాను రెక్కలు శుభ్రంగా ఉన్నాయి. ప్లగ్గు విప్పి, తుడిచి, మళ్ళీ బిగించాడు. ఫిల్టరులో నీటి చుక్క లేదు. సముద్రపు ఒడ్డున వాడరేవులో పాతదిగా కొన్న మోటారు. ఉప్పునీళ్ళకు పైనంతా తుప్పు పట్టిందే గాని ఇన్నేళ్ళలో ఇలా మొరాయించలేదు.

ట్యాంకులో పెట్రోలుందా అని కరుణాకర్ అడిగాడు. కదిపి చూశానని, నిండా ఉందని వీరమ్మే చెప్పింది. లోపమంతా ఈ తుప్పు మోటారుదీ, దీన్ని నడిపేవాడిదీ అంది.

సుభానీ మళ్ళీ తాడు లాగాడు. పలికింది. తిప్పాడు. అదే ఊపు, అదే ఆయాసం, అదే నత్తనడక.

కరుణాకర్ తెడ్డు తీసుకుని వచ్చి అతని భుజం మీద ఒక్కటి వేశాడు. నాటకాలాడితే ఏట్లో తొక్కేస్తానన్నాడు. సుభానీకి నెత్తురు ఉడికింది. ఒక్క తోపు తోస్తే వీడు నీళ్ళలో ఉంటాడు. కానీ రేపు మళ్ళీ అదే రేవులో వల దించాలి. వీడి మనుషులు అక్కడే తిరుగుతుంటారు. మళ్ళీ మోటారు మీదికి వంగాడు.

“వాణ్ణి కొడితే మోటారు నడుస్తుందట్రా? ముందుకెళ్ళి తెడ్డన్నా వెయ్యి,” అని వీరమ్మ కొడుకును కసిరింది. అతను గొణుక్కుంటూ వెళ్ళి, అవతలి ఒడ్డు వైపు తిరిగి తెడ్డు వేయసాగాడు.

అప్పుడు పడింది సుభానీ కన్ను, పెట్రోలు పైపు మధ్యనుండే రబ్బరు బుడ్డ మీద. అది ఎండుమిరపకాయలా లోపలికి పీక్కుపోయి ఉంది. అతనికి విషయం అర్థమైంది. మోటారు బాగానే ఉంది. ట్యాంకులోకి గాలి వెళ్ళడం లేదు. గాలి లోపలికి వెళ్తేనే పెట్రోలు బయటికి వస్తుంది. నిదానంగా పోయేటప్పుడు ఆ కాస్తా సరిపోతోంది. వేగం పెంచితే చాలడం లేదు.

ట్యాంకు మూత మీద గాలి కోసం ఒక చిన్న మర ఉంటుంది. దాన్ని రేవులోనే తన చేత్తో వదులు చేశాడు. బాగా గుర్తుంది. వంగి చూశాడు. అది గట్టిగా బిగించి ఉంది.

అవతల స్తుతి ఇసుక దాటి కట్ట ఎక్కుతోంది. బస్సు ఇంకా కదల్లేదు. మర ఒక్క చుట్టు తిప్పితే చాలు, మోటారు ఉరుకుతుంది. వీళ్ళను అక్కడ దింపేస్తే తన పీడ వదులుతుంది. తర్వాత స్తుతి ఏమవుతుందో తలుచుకోవడం ఇష్టం లేక, సలుపుతున్న భుజంతోనే చెయ్యి చాచి సుభానీ మర పట్టుకున్నాడు.

ఆ చేతి మీద వీరమ్మ చెయ్యి వచ్చి పడింది. కొడుకు వీపు మీంచి చూపు తిప్పకుండా, పెదవులు కదిలీ కదలనట్టు ఆమె అంది, “ఇప్పుడే విప్పకు నాయనా, బస్సు కదలనియ్యి.”