ఎమ్మెల్యే సాబ్ సీటు

"లెవ్వు పెద్దమనిషీ, లెవ్వు! అది ఎమ్మెల్యే సాబ్ సీటు."

కండక్టర్ మాణిక్ కేకకు బస్సంతా ఇటు తిరిగింది.

డ్రైవర్ వెనక సీటులో కూర్చోబోయిన ముసలాయన ఆగిపోయాడు. మాసిన ధోతి, నెత్తిన టోపీ, చంకలో అతుకు వేసిన గొడుగు.

"ఎమ్మెల్యే వస్తున్నడా?" అన్నాడు మెల్లగా.

"ఎప్పుడొస్తడో ఎవలికెరుక? వచ్చిననాడు సీటు లేదంటే నా ఇజ్జత్ ఏం గావాలె?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ముసలాయన అటు ఒక్క చూపు చూశాడు. నవ్వు ఆగిపోయింది. ఆయన టికెట్ కొనుక్కుని, పోయి చివరి సీటులో కూర్చున్నాడు.

జహీరాబాద్ నుంచి న్యాల్‌కల్ దారికి బస్సు పడ్డ కొత్త రోజులవి. ఎర్రబస్సు వెనక దుమ్ము లేస్తే ఊళ్లకు ఊళ్లు బయటికొచ్చి చూసేవి. ఎంత చక్కటి రోజులు!

బస్సులో ఒక సీటు ఎమ్మెల్యేలదని రాసి ఉండేది. బండి కదిలేదాకా వాళ్లు రాకపోతే ఎవరైనా కూర్చోవచ్చు. కండక్టర్లంతా అలాగే కానిచ్చేవారు. మాణిక్ మాత్రం దాన్ని దేవుడి పీటలా ఆఖరి ఊరిదాకా ఖాళీగా మోసుకుపోయేవాడు.

అతని పిచ్చికి కారణం లేకపోలేదు.

అతని అక్క అనంతమ్మను న్యాల్‌కల్ పక్క పల్లెకు ఇచ్చారు. బస్సు లేని కాలం. పురిటి నొప్పులు మొదలైతే ఎడ్లబండిలో జహీరాబాద్ దవాఖానకు బయలుదేరదీశారు. దారిలోనే ప్రాణం పోయింది.

ఆ తర్వాతే ఎమ్మెల్యే రేవణసిద్ధప్ప శాసనసభలో లేచి మంత్రిని నిలదీశాడట. "మమ్ముల బీదర్ జిల్లా నుంచి తెచ్చి మీ రాష్ట్రంల కలుపుకున్నరు. మా ఊళ్లకు బస్సేది?" ఆలోచిస్తామన్నాడట మంత్రి. సభ జరిగినప్పుడల్లా ఈయన అదే ప్రశ్న. చివరికి మంత్రి విసిగి బస్సు వేశాడట.

ఈ కబురు విని మాణిక్ సంగారెడ్డి నుంచి అడిగి మరీ ఈ దారికి వేయించుకున్నాడు. ఎమ్మెల్యే ముఖం అతను చూడలేదు. చూసిన రోజు ఆ సీటులో కూర్చోబెట్టి కాళ్లు మొక్కాలి. అదొక్కటే అతని కోరిక.

"ఎమ్మెల్యేలకు టికెట్ ఉండది, పాస్ చూపిస్తడు గద, గప్పుడే తెలుస్తది" అనేవాడు.

ముసలాయనతో మాత్రం పెద్ద తలనొప్పి వచ్చిపడింది. వారం వారం సంత జరిగే అంగడి రోజు తప్పక ఎక్కేవాడు. ఎక్కితే చాలు, ప్రశ్నలు.

"బండెందుకు ఆలస్యమైంది కొడుకా? దవాఖానల డాక్టరమ్మ ఉంటున్నదా?"

"నువ్వేమన్న ఇన్‌స్పెక్టరువా తాతా? జర సప్పుడు జేయక కూసో."

ఓ వానాకాలం బస్సు నల్లరేగడిలో దిగబడింది. ముసలాయన ధోతి ఎగ్గట్టి, అందరితోపాటు భుజం పెట్టి నెట్టాడు.

"వానొచ్చినప్పుడల్ల గిట్లనేనా?" అన్నాడు రొప్పుతూ.

"గింతే. గీడ కల్వర్టు లేకపాయె."

కొన్నాళ్లకు బస్సు ఆగేచోటి హోటల్ రామ్‌కిషన్ పేపరు చదివి వినిపించాడు. న్యాల్‌కల్ దారిలో కల్వర్టు ఎందుకు కట్టలేదని ఎమ్మెల్యే అడిగాడు. మంజూరు చేస్తామని మంత్రి ఒప్పుకున్నాడు.

మాణిక్ పొంగిపోయాడు. "సూశిన్రా! హైదరాబాద్‌ల కూసుండి నా బస్సు ఏడ దిగబడ్డదో చెప్పిండు! ఆయన మనిషి కాదు, దేవుడు."

రామ్‌కిషన్ మీసాల చాటున నవ్వుకున్నాడు.

మరో అంగడి నాడు బస్సు కిక్కిరిసింది. ఒక నిండు చూలాలు కడ్డీ పట్టుకుని వేలాడుతోంది. ముసలాయన ఆమెను నడిపించుకొచ్చి ముందు సీటులో కూర్చోబెట్టాడు.

"తాతా! ఎమ్మెల్యే సాబ్ వస్తే?"

"వచ్చినా లేపడు. జవాబు నేను చెప్త."

"ఆయన తరఫున చెప్పెతందుకు నువ్వెవలు?"

ముసలాయన చూలాలి వైపు చెయ్యి చూపాడు. "దవాఖానకు పోతున్నది బిడ్డ. దాని మొకం సూడు" అన్నాడు.

మాణిక్ చూశాడు. అక్క గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి టికెట్లు కొట్టుకుంటూ పోయాడు.

ఆనాటి నుంచి ఆ సీటు చూలాళ్లది, చంటిపిల్లల తల్లులది. "కూసో అక్కా, ఎమ్మెల్యే సాబ్ కూసోమన్నడు" అని దర్జాగా చెప్పేవాడు మాణిక్.

ఒకరోజు రామ్‌కిషన్ హోటల్ తలుపులు సగం మూసి ఉన్నాయి.

"ఎమ్మెల్యే సాబ్ హైదరాబాద్‌ల గుండె ఆగి పోయిండు."

మాణిక్ అక్కడే కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. రామ్‌కిషన్ ఏదో చెప్పబోయి, అతని ముఖం చూసి మానుకున్నాడు. బండి వదిలి చివరి చూపుకైనా పోలేకపోయాడు మాణిక్.

తన బాధ ముసలాయనకు చెప్పుకుందామని అంగడి నాడు ఎదురుచూశాడు. ఆయన రాలేదు. పై అంగడికీ రాలేదు.

కొన్నాళ్లకు నుదుట విభూతి పెట్టుకున్న ఒక పెద్దావిడ బస్సెక్కింది. ఆమె చేతిలో అతుకు వేసిన గొడుగు.

మాణిక్ ముఖం వెలిగింది. "గిది మా తాత గొడుగు గద అవ్వా! నువ్వు ఆయన ఇంటామెవా? తాత ఎట్లున్నడు? రా, గిక్కడ కూసో. గిది ఎమ్మెల్యే సాబ్ సీటు. ఆయన పోయినా, కూసోమన్నట్టే."

ఆవిడ కూర్చుంది. సీటును చేత్తో నిమిరింది. కళ్లలో నీళ్లు నిండాయి.

"మాణిక్ అంటె నువ్వేనా?"

"నా పేరు నీకెట్ల తెలుసవ్వా?"

"'నేను పాస్ చూపిస్తె మాణిక్ నన్ను గీ సీట్ల కూసవెడ్తడు, ఆడిబిడ్డలు నిలవడ్తరు, అందుకే టికెట్ కొనుక్కుంటున్న' అని ఇంటికొచ్చి నవ్వుతుండె బిడ్డా, మీ ఎమ్మెల్యే సాబ్."